రెండు గంటల నలభై నిమిషాల ఫైలులో ఒక్క మాట కోసం వెతుకులాట

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లోనే ఒక నవల చదివి, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశారు. మొత్తం 2 గంటల 40 నిమిషాల ఒకే ఫైలు. నోరు తిరగని చోటల్లా ఆగి వాక్యాన్ని మళ్లీ చదివారు. ఇప్పుడు ఆ తప్పు ముక్కలన్నీ వెతికి తీసెయ్యాలి. స్క్రోల్ బార్ వెంట్రుకవాసి కదిపితే ఎక్కడికో పోతోంది. జూమ్ చేస్తే అప్పటిదాకా చూస్తున్న చోటు మాయం. ప్లే ఆపగానే కర్సర్ పాత చోటికే వెళ్లి కూర్చుంటోంది. గంట ఆడియో శుభ్రం చెయ్యడానికి ఆరేడు గంటలు పడుతోంది. 8 జీబీ ర్యామ్ ఉన్న ఈ ల్యాప్‌టాప్ మార్చాలా, సాఫ్ట్‌వేర్ మార్చాలా అని అడిగారు.

రెండూ వద్దు. కనీసం ఈ పుస్తకం అయ్యేదాకా వద్దు. ఇరవై ఏళ్లుగా గొంతులు కత్తిరించి అతికించడమే నా పని. డబ్బింగ్, రేడియో ప్రకటనలు, ఈమధ్య ఎక్కువగా ఆడియో పుస్తకాలు. మీరు చెప్పిన చిరాకు నేనూ పడ్డాను, ఒకసారి మౌస్ గోడకేసి కొట్టాను కూడా. అందుకే మీలాంటి వాళ్లకి ముందు ఒక లెక్క చూపిస్తుంటాను.

2 గంటల 40 నిమిషాలంటే 9,600 సెకన్లు. మీ స్క్రీన్ అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు) అనుకుందాం. ఎడమవైపు ట్రాక్ పేరుండే పెట్టె, అంచులు పోతే అల, అంటే శబ్దం గీత బొమ్మ (వేవ్‌ఫామ్), కనపడడానికి మిగిలేది ఓ 1800 చుక్కలు. ఫైలంతా స్క్రీన్‌లో పట్టేలా పెడితే ఒక్కో చుక్కలో ఐదు సెకన్లకు పైగా ఆడియో ఇరుక్కుని ఉంటుంది. ఐదు సెకన్లలో మీరు ఓ వాక్యం చదివేస్తారు. అంటే మీరు మౌస్‌తో ఎంత ఒడుపుగా నొక్కినా వాక్యం అటో ఇటో పడుతుంది. పోనీ మాటలు విడివిడిగా కనపడేంత దగ్గరికి వెళ్దామంటే స్క్రీన్ మీద పది సెకన్లకు మించి ఉండకూడదు. అప్పుడు మీ పుస్తకం 960 స్క్రీన్ల పొడవు. అంత పొడవున్నదాన్ని అరచేతి వెడల్పు స్క్రోల్ బార్‌తో లాగుతున్నారు. అది దుముకుతుందంటే దాని తప్పేం లేదు.

కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ కొన్నా చుక్కకి ఐదు సెకన్లు చుక్కకి ఐదు సెకన్లే. స్క్రోల్ ఇంకాస్త నున్నగా జరుగుతుంది, మీరు ఇంకాస్త నున్నగా దారి తప్పుతారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నాకు పని నేర్పిన పెద్దాయన టేపు కాలం మనిషి. సెకనుకు ఏడున్నర అంగుళాలు, అంటే 19 సెంటీమీటర్లు నడిచే పావు అంగుళం టేపు మీద చేతులు అరగదీసుకున్నవాడు. ఆ లెక్కన మీ నవల టేపు మీద ఉంటే 1,829 మీటర్ల పొడవు, కిలోమీటరు ముప్పావు పైన. ఏడంగుళాల రీలులో 1,200 అడుగులు పట్టేది, అంటే అరగంట చిల్లర. మీ నవలకి ఐదు రీళ్లు కావాలి. మరి వాళ్లు అందులో తప్పులెలా పట్టేవారు? ఆయన ఎప్పుడూ వెతకలేదు. మొదటిసారి వినేటప్పుడే, తప్పు వినపడగానే తిరుగుతున్న రీలు చుట్టల మధ్య చిన్న కాగితం ముక్క దోపేవాడు. వినడం పూర్తయ్యేసరికి రీలు పక్కనుంచి చూస్తే పుస్తకంలో పేజీ గుర్తుల్లా కాగితాలు పొడుచుకొచ్చి ఉండేవి. తర్వాత వేగంగా తిప్పుకుంటూ వెళ్లి, కాగితం రాలిన చోట ఆగి, రెండు రీళ్లనీ చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి, టేపుని చదివే హెడ్ దగ్గర శబ్దం మొదలయ్యే చోట పసుపు పెన్సిల్‌తో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసేవాడు. వినడం ఒక పని, కొయ్యడం వేరే పని. రెండూ కలిపి చేస్తే రెండూ చెడతాయి అనేవాడు.

మీరు రెండూ కలిపి చేస్తున్నారు. విసుగంతా అక్కణ్ణుంచే వస్తోంది. దాని మందు కింద చెబుతాను. ముందు మీ కంప్యూటర్ మీద అనుమానం తీర్చుకోండి, లేకపోతే నా మాట మీద మీకు నమ్మకం కుదరదు.

పరీక్ష చిన్నదే. కొత్త ప్రాజెక్టు తెరిచి, ల్యాప్‌టాప్ సొంత డిస్కులో సేవ్ చేసి, ఐదు నిమిషాల మోనో (ఒకే చానల్) వేవ్ ఫైలు ఒకటి అందులో పెట్టండి. జూమ్ చేసి అటూ ఇటూ జరపండి. అక్కడా తడబడితే మిషన్‌ది తప్పు. అక్కడ చకచకా నడిచి మీ నవలలోనే నత్తలా పాకుతుంటే తప్పు ఆ ప్రాజెక్టుది, అది బాగుచెయ్యగలిగిందే.

ప్రాజెక్టు బరువెక్కడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది, దాన్ని వన్‌డ్రైవ్ లాంటి ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పెట్టుకోవడం. చాలా ల్యాప్‌టాపుల్లో డాక్యుమెంట్స్ ఫోల్డరే మనకు తెలియకుండా అందులో ఉంటుంది. 2021లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఆడాసిటీ ప్రాజెక్టు అంతా ఒకే డేటాబేస్ ఫైలు. మీరు ఒక కట్ చేసినా ఆ ఫైలు మారుతుంది, మారిన ప్రతిసారీ ఫైళ్లని ఆన్‌లైన్‌కి పంపే సింక్ ప్రోగ్రాం దాని మీద పడుతుంది. నెమ్మదవడమే కాదు, ప్రాజెక్టు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. పని నడుస్తున్నంతసేపు ప్రాజెక్టు సొంత డిస్కులోనే ఉండాలి, రాత్రి ఆడాసిటీ మూసేశాక కాపీ ఎక్కడైనా దాచుకోండి.

రెండోది స్టీరియో. మైకు ఒక్కటే, గొంతు ఒక్కటే, కానీ చాలామంది రెండు చానళ్లలో రికార్డు చేస్తారు. సెకనుకు 44,100 సాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, ఒక్కోదానికి నాలుగు బైట్లు. మీ నవల మోనోలో దాదాపు 1.7 జీబీ, స్టీరియోలో 3.4 జీబీ. ఒకేలాంటి రెండు అలల్ని గీయడానికి మిషన్‌ని రెట్టింపు కష్టపెట్టడం దేనికి? ట్రాక్స్ మెనూలో మిక్స్ కింద స్టీరియోని మోనో చేసే కమాండ్ ఉంది.

మూడోది స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ స్థాయి శబ్దం ఎంతుందో రంగుల్లో చూపే బొమ్మ. రంగురంగులుగా బాగుంటుంది, ఊపిరి శబ్దాలూ నోటి టకటకలూ అందులో స్పష్టంగా దొరుకుతాయి కూడా. కానీ మామూలు అల గీయడానికి ఆడాసిటీ ముందే ఒక చిట్టా రాసి పెట్టుకుంటుంది. ప్రతి 256 సాంపిళ్లకీ, మళ్లీ ప్రతి 65,536 సాంపిళ్లకీ ఎత్తెంత, లోతెంత అని. దూరం నుంచి చూసేటప్పుడు మీ ఫైలులో ఉన్న 42 కోట్ల సాంపిళ్లు చదవక్కర్లేదు, ఆ చిట్టా చూసి గీసేస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌కి ఆ అడ్డదారి లేదు, ఆడియోని ముక్కలుగా తీసుకుని ప్రతి ముక్కకీ లెక్కకట్టాలి. స్క్రోల్ చేసినప్పుడల్లా కొత్తగా కనపడే భాగానికి మళ్లీ అదే పని. ఊపిరి వెతికేటప్పుడు పెట్టుకోండి, తిరిగేటప్పుడు తీసెయ్యండి.

ఇంకొకటి, వందల కట్లు పెట్టాక ట్రాక్ చిన్నచిన్న క్లిప్పులుగా ముక్కలైపోతే కూడా బరువెక్కుతుంది. ఒక అధ్యాయం పూర్తయ్యాక దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ జె కొడితే అన్నీ ఒకటవుతాయి. ల్యాప్‌టాప్‌లో తిరిగే పాత హార్డ్ డిస్కే ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. కొత్త ల్యాప్‌టాప్ కంటే చాలా చౌక, ఈ పనికి అంత లాభమూ ఇస్తుంది. మీకున్న 8 జీబీ ర్యామ్ సరిపోతుంది, దాని జోలికి పోకండి.

అన్నిటికంటే తేలిక, ఫైలుని అధ్యాయాలుగా విడగొట్టడం. ఇరవై ఐదు నిమిషాల ముక్కలో చుక్కకి ఒక సెకను కూడా రాదు. మొత్తం కనపడే చూపులోనే మీ క్లిక్ సరైన వాక్యం దగ్గర పడుతుంది. ఇంత పొడుగు ఫైలు మీద పనిచేసి తీరాలన్న నియమం ఎవరూ పెట్టలేదు కదా. ఆ నియమం నేనూ పెట్టుకున్నాను లెండి, నా మొదటి పుస్తకానికి. ఆరు గంటల ఫైలు. కరెంటు పోయింది.

ఇక చేతుల సంగతి. షార్ట్‌కట్ల పట్టిక గోడకి అంటించుకోమని చెప్పను. అలా అంటించుకున్నవాళ్లు ఎవరూ దాన్ని చూడగా నేను చూడలేదు. మీరు చెప్పిన మూడు చిరాకులకి సరిపడా కొన్ని మీటలు చాలు.

ప్లే ఆపగానే కర్సర్ వెనక్కి పోతోందన్నారు. స్పేస్ బార్ బదులు ఎక్స్ నొక్కండి. ఆపిన చోటే కర్సర్ నిలబడుతుంది. ఈ ఒక్క అక్షరం తెలియక ఆడాసిటీని తిట్టుకున్నవాళ్లు ఎంతమందో. స్పేస్ మొదలుపెట్టిన చోటికి తిరిగిపోవడం పొరపాటు కాదు, ఒకే ముక్కని పదేపదే వినడానికి అదే కావాలి. రెండూ అవసరమే, ఏది ఎప్పుడన్నది వేళ్లకి రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

జూమ్ చేస్తే చోటు మాయమవుతోందన్నారు. టూల్ బార్‌లో భూతద్దం బొమ్మల జోలికి వెళ్లకండి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పండి, మౌస్ బాణం ఎక్కడుంటే అక్కడికే దగ్గరవుతుంది. షిఫ్ట్ పట్టుకుని తిప్పితే అడ్డంగా జరుగుతుంది. సెలెక్ట్ చేసిన ముక్క స్క్రీన్ నిండా రావాలంటే కంట్రోల్ ఇ, మొత్తం ఫైలు కనపడాలంటే కంట్రోల్ ఎఫ్. నిజంగా దారి తప్పినప్పుడు కంట్రోల్‌తో ఎడమ చదరపు బ్రాకెట్ కొట్టండి, మీ సెలెక్షన్ మొదలైన చోటికి తీసుకెళ్తుంది. ఊరు తెలియని చోట బస్టాండుకి తిరిగి రావడం లాంటిది.

స్క్రోల్ బార్ దుముకుతోందన్నారు. దాన్ని ముట్టుకోకండి. ప్లే అవుతుండగా కుడి, ఎడమ బాణాలు ఒక్కో సెకను జరుపుతాయి. షిఫ్ట్‌తో కలిపితే పదిహేను సెకన్లు. ఈ రెండు అంకెలూ ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద మార్చుకోవచ్చు. నేను చిన్నదాన్ని 2, పెద్దదాన్ని 10 చేసుకున్నాను. చదివేవాళ్లు తప్పు పోయాక మళ్లీ మొదలుపెట్టేది సాధారణంగా పది సెకన్ల లోపే ఉంటుందని అనుభవంలో తేలింది. ఫలానా నిమిషం ఫలానా సెకను అని కాగితం మీద రాసుకుని ఉంటే కింద టూల్ బార్‌లో కనపడే అంకెల మీద నొక్కి ఆ సమయమే టైప్ చెయ్యండి, నేరుగా అక్కడ వాలతారు.

మనవాళ్లకి వచ్చే ఒక ఇబ్బంది కూడా ఉంది. లేబుల్‌లో, అంటే ఆడియో పక్కన పెట్టుకునే గుర్తులో, తెలుగు రాద్దామని కీబోర్డుని తెలుగుకి మారుస్తారు, మళ్లీ మార్చడం మర్చిపోతారు. ఆ తర్వాత బ్రాకెట్ నొక్కితే ఆడాసిటీకి తెలుగు అక్షరం అందుతుంది, షార్ట్‌కట్ పలకదు. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయిందనుకుని కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తారు. పని చేసేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంచండి. లేబుల్‌లో పెద్ద కథ రాయక్కర్లేదు, అంకె చాలు.

ఇప్పుడు అసలు మందు, ఆ కాగితం ముక్కలు. ఆడాసిటీలో వాటి పేరు లేబుళ్లు.

నవల చేతిలో పట్టుకోండి. ఫైలు మొదటి నుంచి ప్లే చెయ్యండి. స్క్రీన్ చూడకండి, పుస్తకం చూడండి. తప్పు వినపడగానే కంట్రోల్ ఎమ్, తర్వాత ఒక అంకె, ఎంటర్. ప్లే ఆగదు, మీరూ ఆగకండి. ఎంటర్ మాత్రం మర్చిపోవద్దు. లేబుల్ తెరిచి ఉండగా స్పేస్ నొక్కితే ప్లే ఆగదు, లేబుల్‌లో ఖాళీ పడుతుంది, మీరు నొక్కుతూనే ఉంటారు. నా అంకెలు ఇవి: 1 అంటే మళ్లీ చదివిన వాక్యం, మొదటిది తీసెయ్యాలి. 2 అంటే శబ్దం, కుక్క అరిచింది, ఫ్యాను కిర్రుమంది, ఎవరో తలుపు కొట్టారు. 3 అంటే ఇక్కడ కట్‌తో పని జరగదు, మళ్లీ రికార్డు చెయ్యాలి. అంతకుమించి వర్గాలు పెట్టుకోకండి. ఒకప్పుడు నేను తొమ్మిది పెట్టుకున్నాను, ఏడు దేనికో నాకే గుర్తుండేది కాదు.

మీరు నొక్కేది తప్పు విన్నాక కాబట్టి లేబుల్ తప్పు తర్వాత పడుతుంది. ఫరవాలేదు. అది కాగితం ముక్కే, పసుపు పెన్సిల్ గీత కాదు. కోసే చోటు తర్వాత చూసుకుంటాం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడుతుంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. మీకు వినపడేసరికి ప్లే గీత ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. ఎడిటింగ్‌కి తీగ ఉన్న హెడ్‌ఫోన్లే పెట్టుకోండి. ప్లే నొక్కిన ప్రతిసారీ మొదటి అక్షరం మింగేస్తోందని కొందరు సాఫ్ట్‌వేర్‌ని తిడుతుంటారు, చాలాసార్లు అది బ్లూటూత్ పనే.

వినడం పూర్తయింది. టీ తాగి రండి. నిజంగానే చెబుతున్నాను, చెవికి విరామం కావాలి.

ఇప్పుడు కోత. చాలామంది తలకిందులయ్యేది ఇక్కడే. మొదటి లేబుల్‌కి వెళ్లి పదకొండు సెకన్లు తీసేశారనుకోండి. ఆ తర్వాత ఉన్న ఆడియో అంతా పదకొండు సెకన్లు ఎడమకి జరుగుతుంది. లేబుళ్లు మాత్రం వేరే ట్రాక్‌లో ఉన్నాయి, అవి ఉన్నచోటే ఉంటాయి. రెండో లేబుల్‌కి వెళ్లేసరికి అక్కడ తప్పు ఉండదు. పదో లేబుల్‌కి వచ్చేసరికి మీరు వేరే పేజీలో ఉంటారు. దీనికి సింక్ లాక్ అని ట్రాక్స్ మెనూలో ఒక ఏర్పాటు ఉంది. అది పెట్టుకుంటే ఆడియోతో పాటు లేబుళ్లూ జరుగుతాయి. అయినా నేను దాని మీద ఆధారపడను, ఏదో ఒక రోజు పెట్టడం మర్చిపోతాను కాబట్టి.

చివరి నుంచి మొదలుపెట్టండి. ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే వెనకున్న లేబుల్‌కి దూకుతుంది. ఫైలు చివరన నిలబడి ఒక్కో లేబుల్ దగ్గర కోసుకుంటూ వెనక్కి రండి. చివరి వైపు ఎంత కోసినా మొదటి వైపున్న లేబుళ్లు కదలవు. పెద్దాయన కూడా రీలు వెనక్కి చుట్టుకుంటూనే కోసేవాడు. ఆయన కారణం వేరు, చివరికి వచ్చిన రీలుని మళ్లీ మొదటికి చుట్టే శ్రమ మిగులుతుందని. కారణం ఏదైనా పద్ధతి మంచిదే. పైగా వెనక నుంచి వస్తుంటే కథలో పడిపోరు. మొదటి నుంచి వస్తే మూడో అధ్యాయం దగ్గర కొయ్యడం మానేసి వింటూ కూర్చుంటాం, నవల బాగుంటే.

లేబుల్ దగ్గర వాలాక ఏం చెయ్యాలి? మౌస్‌తో కాస్త వెనక్కి నొక్కి ప్లే. తప్పు వాక్యం మొదలయ్యే చోట ఎడమ బ్రాకెట్, మంచి వాక్యం మొదలయ్యే ముందు కుడి బ్రాకెట్. ప్లే నడుస్తుండగానే ఈ రెండూ పనిచేస్తాయి, తీసెయ్యాల్సిన ముక్క సెలెక్ట్ అయిపోతుంది. కంట్రోల్ ఇ కొట్టి దగ్గరగా చూసి అంచులు సరిచెయ్యండి. తర్వాత సి నొక్కండి. ఆ ముక్క తీసేస్తే ఎలా వినపడుతుందో, తియ్యకుండానే వినిపిస్తుంది. బాగుంటే డిలీట్. ఈ సి మీట గురించి తెలిసిన రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. అప్పటిదాకా కోసి, విని, అన్‌డూ చేసి, మళ్లీ కోసి... సగం రోజు దానికే పోయేది.

అంచులు సరిచెయ్యడం అన్నాను. ఇక్కడ తెలుగు వేవ్‌ఫామ్ చదవడం రావాలి. ఇది ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. రాముడు, వచ్చాడు, ఇంటికి. మాట చివర అల టక్కున ఆగదు, తోకలా సన్నబడుతుంది. ఆ తోక మధ్యలో కోస్తే వినేవాళ్లకి ఏదో విరిగినట్టు తెలుస్తుంది. అందుకని మాట ముగిసే చోట కాకుండా తర్వాతి మాట మొదలయ్యే చోటకి సరిగ్గా ముందు కొయ్యండి. ఆ తర్వాతి మాట క, చ, ట, త, పలతో మొదలైతే మీ అదృష్టం. వాటి ముందు నోరు మూసుకున్న చిన్న నిశ్శబ్దం ఉంటుంది, అల దాదాపు గీతలా పడుకుని ఒక్కసారిగా లేస్తుంది. కత్తి అక్కడ పెట్టండి. స, శ, షలు పొగమంచులా మసగ్గా, దట్టంగా కనపడతాయి, వాటి అంచు కూడా తేలిగ్గానే దొరుకుతుంది. కష్టమల్లా మ, న, య, ల, వలతో మొదలయ్యే మాటలు. ముందు మాట చివరి అచ్చుతో కలిసిపోయి ఎక్కడ ఏది మొదలైందో కంటికి అందదు. అక్కడ కోసే ప్రయత్నం మాని, ఇంకో మాట వెనక్కి వెళ్లి కొయ్యండి.

ఈ కారణంగానే నిశ్శబ్దాల్ని తనంతట తానే వెతికి తీసేసే ఎఫెక్టుల్ని తెలుగు మీద జాగ్రత్తగా వాడాలి. అక్క, అప్పు, చెట్టు, అత్త అన్నప్పుడు ఒత్తు దగ్గర అలలో ఖాళీ కనపడుతుంది. అమ్మ, అన్న అన్నప్పుడు కనపడదు, గొంతు ముక్కులోంచి మోగుతూనే ఉంటుంది. మిషన్‌కి ఈ తేడా తెలియదు. కనీస నిశ్శబ్దం మరీ తక్కువ పెడితే ఒత్తు లోపలి ఖాళీని కూడా విరామం అనుకుని కుదించేస్తుంది, చెట్టు కాస్తా చెటు అవుతుంది. నిశ్శబ్దం కనీసం అర సెకను ఉంటేనే ముట్టుకోమని చెప్పండి. అంతకంటే మంచిది ఎనలైజ్ మెనూలో లేబుల్ సౌండ్స్. అది దేన్నీ తియ్యదు, మాటలున్న భాగాలకి గుర్తులు మాత్రం పెడుతుంది. మీరు వాటి మీద దూకుతూ వెళ్లొచ్చు.

మూడో అంకె పెట్టిన చోట్లన్నీ మళ్లీ చదవాలి కదా. ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ కమాండ్లలో లేబుళ్లని మాత్రమే టెక్స్ట్ ఫైలుగా తీసుకోవచ్చు. సమయాలూ అంకెలూ వరసగా వస్తాయి. అది ప్రింటు తీసుకుని మైకు ముందు కూర్చోండి. ఈ పని మాత్రం కోతకి ముందే చెయ్యండి, కోశాక సమయాలు మారిపోతాయి.

ఇంతా చేశాక గంట ఆడియోకి మీకు ఎంత పట్టవచ్చు? వినడానికి గంట, ఎలాగూ తప్పదు. వేగం పెంచి వినొచ్చు, కాకపోతే ఆడాసిటీలో అలా వింటే గొంతు కూడా సన్నబడుతుంది, దీర్ఘాలు హ్రస్వాల్లా అనిపిస్తాయి, నాకు నచ్చదు. కోతకి, తప్పుల్ని బట్టి, ఇంకో గంట, గంటన్నర. మొదటి రెండు అధ్యాయాలకి ఎక్కువే పడుతుంది.

తర్వాతి పుస్తకానికి ఈ లేబుళ్ల పని కూడా సగం తగ్గించుకోవచ్చు. చదివేటప్పుడు తప్పు పోయిందా, ఆగి, మైకు దగ్గర రెండు చిటికెలు వెయ్యండి, ఒక్క క్షణం ఊరుకుని వాక్యం మొదటి నుంచి చదవండి. చిటిక అలలో సూదిలా నిలువుగా లేస్తుంది. పక్కపక్కన రెండు సూదులంటే మాటల్లో అలాంటి ఆకారం దొరకదు, ఎంత దూరం నుంచి చూసినా కంటికి ఆనుతుంది. కొందరు చప్పట్లు కొడతారు. మీరు కొట్టకండి, మీటరు ఎరుపెక్కుతుంది, హెడ్‌ఫోన్లలో వింటుంటే చెవులు దిమ్మెక్కుతాయి.

ఇంకా మంచి దారి, తప్పుని అక్కడికక్కడే దిద్దుకోవడం. ఆడియో పుస్తకాల వాళ్లు పంచ్ అండ్ రోల్ అంటారు. ఆడాసిటీలో కూడా ఉంది, షిఫ్ట్ డి. తప్పు పోయిన వాక్యానికి ముందు కర్సర్ పెట్టి నొక్కితే అంతకుముందు ఐదు సెకన్లు మీకు వినిపించి, కర్సర్ దగ్గర నుంచి రికార్డింగ్ మొదలవుతుంది. పాత తప్పు పోయి కొత్త వాక్యం దాని చోట కూర్చుంటుంది. రికార్డింగ్ అయ్యేసరికి ఫైలు దాదాపు శుభ్రంగా ఉంటుంది. హెడ్‌ఫోన్లు తప్పనిసరి, లేకపోతే వినిపించేది మైకులోకి ఎక్కుతుంది. మొదట్లో గొంతు స్థాయి అతకదు. వినిపించే ఐదు సెకన్లతో పాటు మనసులో మనమూ చదువుతూ వస్తే అదే ఊపులో అందుకుంటాం. భజనలో తాళం అందుకున్నట్టే.

సాఫ్ట్‌వేర్ మార్పు గురించి రెండు ముక్కలు. నేనిప్పుడు రోజూ వాడేది రీపర్. అందులో తిరగడం నిజంగానే హాయి. మౌస్ చక్రం తిప్పితే చాలు, జూమ్ అవుతుంది, ఆల్ట్ పట్టుకుంటే అడ్డంగా జరుగుతుంది. ఎమ్ నొక్కితే గుర్తు పడుతుంది, చదరపు బ్రాకెట్లతో గుర్తు నుంచి గుర్తుకి దూకొచ్చు, కంట్రోల్ జె కొట్టి సమయం టైప్ చెయ్యొచ్చు. వేగం పెంచినా గొంతు మారకుండా వినొచ్చు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు. కాకపోతే ఇన్నిటికీ అలవాటు పడడానికి ఓ రెండు వారాలు పడుతుంది, అది ఈ నవల మధ్యలో వద్దు. అక్కడికి వెళ్లినా వెతుకుతూ తిరిగే అలవాటు మీతోనే వస్తే 960 స్క్రీన్లు అక్కడా 960 స్క్రీన్లే. ఒకవేళ వెళ్తే ఫోన్‌లో రికార్డు చేసిన ఎంపీ3, ఎమ్4ఏ ఫైళ్లని నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టకండి, ముందు వేవ్‌గా మార్చుకోండి. కుదించిన ఫైలులో ఒక చోటికి దూకినప్పుడల్లా మిషన్ ఆ భాగాన్ని విప్పుకోవాలి, అక్కడా కాస్త నెమ్మదే.

ఈ రాత్రికి ఇంతవరకు చెయ్యండి. ప్రాజెక్టుని సొంత డిస్కులోకి మార్చండి, మోనో చెయ్యండి, మొదటి అధ్యాయాన్ని మాత్రం కోసి వేరే ప్రాజెక్టులో పెట్టండి. పుస్తకం పట్టుకుని ఒకసారి వినండి, అంకెలు వేసుకుంటూ. రేపు చివరి నుంచి కోసుకుంటూ రండి. ఎక్కడైనా ఆగిపోతే మీ ఆడాసిటీ వెర్షన్ నంబరు, విండోసా మ్యాకా అన్నది చెప్పి అడగండి. మ్యాక్ అయితే పైన నేను కంట్రోల్ అన్నచోట చాలావరకు కమాండ్ అనుకోవాలి, అది ముందే చెప్పాల్సింది.